హైస్కూల్లో హౌస్‌లు: పిల్లల పంపకం నుంచి పేర్ల దాకా, పాయింట్ల పట్టిక దాకా

హౌస్ అంటే బడిలో అన్ని తరగతుల పిల్లలనూ కలిపి చేసిన జట్టు. మన దగ్గర చాలా బడుల్లో మాత్రం హౌస్ అంటే శనివారం వేసుకునే రంగు చొక్కా, ఆటల పోటీలప్పుడు మార్చ్‌పాస్ట్‌లో పట్టుకునే జెండా. మిగతా ఏడాదంతా ఆ మాటే వినపడదు. ఏడో తరగతి పిల్లవాడిని నీది ఏ హౌస్ అని అడిగితే రంగు పేరు చెబుతాడు. ఆ హౌస్‌లో తనతో పాటు ఇంకెవరున్నారో, దానికి పెట్టిన పేరు ఎవరిదో చెప్పలేడు. ఇంత మంచి ఏర్పాటు చేతిలో ఉండి కూడా వాడుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. నలభై మంది ఉన్న తరగతిలో మార్కుల్లోనూ ఆటల్లోనూ ముందు లేని పిల్ల ఎవరి కంటా పడదు. అలాంటి పిల్లకు బడిలో తనవాళ్లు అనదగ్గ కొందరిని ఇవ్వడానికే హౌస్ ఉంది. కప్పు గెలవడం ఆ తర్వాతి మాట. కింద చెప్పే ప్రతి అడుగునూ ఈ కొలతతోనే చూడండి.

ఆరు నుంచి పది దాకా తరగతులున్న బడిని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ప్రభుత్వ బడికీ, ప్రైవేటు బడికీ, గురుకులానికీ పనికొస్తుంది.

మొదటి అడుగు: హౌస్ ఎక్కడి నుంచి వచ్చిందో ఉపాధ్యాయులంతా తెలుసుకోవాలి

ఇంగ్లండులో వించెస్టర్ పాఠశాల 1382లో, ఈటన్ 1440లో మొదలయ్యాయి. దాతల సొమ్ముతో చదువుకునే డెబ్బై మంది పేద విద్యార్థులకు బడిలోనే వసతి ఉండేది. ఫీజు కట్టి చదివే మిగతా పిల్లలు ఊళ్లో ఎవరి ఇంట్లోనో అద్దెకు దిగేవారు. కాలక్రమంలో ఆ ఇళ్లను బడి తన అజమాయిషీలోకి తెచ్చుకుని, ఒక్కో ఇంటికి ఒక ఉపాధ్యాయుణ్ణి బాధ్యుడిగా పెట్టింది. హౌస్, హౌస్‌మాస్టరు అన్న మాటలు అలా స్థిరపడ్డాయి. 1828లో రగ్బీ పాఠశాలకు హెడ్మాస్టరుగా వచ్చిన థామస్ ఆర్నాల్డ్ పెద్ద తరగతి పిల్లలకు చిన్నవాళ్ల బాధ్యత అప్పగించే పద్ధతికి గట్టి రూపమిచ్చాడు. ఇరవయ్యో శతాబ్దంలో వసతి లేని పగటి బడులు కూడా ఈ పద్ధతిని తీసుకున్నాయి. ఇక్కడే ఒక పెద్ద తేడా వచ్చింది: పగటి బడిలో ఇల్లు లేదు, పేరు మాత్రం మిగిలింది.

మన దేశంలోనూ ఈ రెండు రకాలూ కనిపిస్తాయి. 1859లో సిమ్లాలో మొదలైన బిషప్ కాటన్ పాఠశాల రగ్బీ సంప్రదాయాన్ని ఇక్కడికి తెచ్చింది. దాని స్థాపకుడు జార్జ్ కాటన్ అంతకుముందు ఆర్నాల్డ్ కింద రగ్బీలోనే పాఠాలు చెప్పినవాడు. తెలుగువారికి కాటన్ అనగానే ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ గుర్తొస్తాడు. ఇద్దరూ వేరు. ఈయన కలకత్తా బిషప్పు, 1866లో కుష్టియా దగ్గర నదిలో పడి చనిపోయాడు. 1875 నాటి అజ్మీర్ మేయో కాలేజీలో రాజపుత్ర సంస్థానాలు తమ పిల్లల కోసం కట్టించిన వసతి గృహాలే జైపూర్ హౌస్, జోధ్‌పూర్ హౌస్ అయ్యాయి. 1935లో డెహ్రాడూన్‌లో తెరిచిన డూన్ స్కూల్ మొదటి హెడ్మాస్టరు ఆర్థర్ ఫుట్ ఈటన్ నుంచే వచ్చాడు. అక్కడి హౌస్‌లకు పెద్ద విరాళాలిచ్చినవారి పేర్లు పెట్టారు. ఎక్కడో హిమాలయాల పాదాల దగ్గరి బడిలో హైదరాబాద్ హౌస్ ఉండడానికి కారణం అదే.

1986 జాతీయ విద్యావిధానంతో విస్తరించిన జవహర్ నవోదయ విద్యాలయాల్లో ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అనే నాలుగు హౌస్‌లున్నాయి. అవి పేరుకు మాత్రమే హౌస్‌లు కావు. పిల్లలు పడుకునేది, ఉతికిన బట్టలు ఆరేసుకునేది, జ్వరమొస్తే పక్క మంచం మీది అన్నను లేపేది అక్కడే. నవోదయలో చదివినవాళ్లు ముప్పై ఏళ్ల తర్వాత కలిసినా ముందు అడిగేది హౌస్ గురించే. పగటి బడిలో అలా ఒకే ఇంటి పైకప్పు లేదు కాబట్టి ఆ దగ్గరితనాన్ని మనం పనిగట్టుకుని కల్పించాలి. ఇది చేయకుండా రంగులు పంచితే మిగిలేది రంగు చొక్కాయే.

రెండో అడుగు: ఎన్ని హౌస్‌లో లెక్క కట్టుకోండి

అందరూ నాలుగు పెడతారు కాబట్టి మనమూ నాలుగు పెట్టాలని లేదు. చిన్న పరీక్ష ఒకటుంది. ఒక హౌస్‌లోని ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల అమ్మాయిలతో ఒక కబడ్డీ జట్టు తయారవుతుందా చూడండి. ఆడేవాళ్లు ఏడుగురు, బయట కూర్చునేవాళ్లు అయిదుగురు. నాలుగు వందల మంది బడిలో నాలుగు హౌస్‌లుంటే హౌస్‌కు వంద మంది, అందులో ఆ మూడు తరగతుల అమ్మాయిలు దాదాపు ముప్పై మంది. సరిపోతుంది. ఎనభై మంది బడిలో అదే నాలుగు పెడితే ఆరుగురు కూడా కష్టం. అక్కడ రెండు హౌస్‌లే పెట్టండి, చిన్నతనమేమీ కాదు.

ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఆడాలంటే మూడు హౌస్‌లకు మూడు ఆటలు, నాలుగింటికి ఆరు, అయిదింటికి పది, ఆరింటికి పదిహేను. మైదానం ఒక్కటే ఉన్న బడికి, వ్యాయామ ఉపాధ్యాయుడు ఒక్కరే ఉన్న బడికి నాలుగు దాటితే భారమే.

మూడో అడుగు: పిల్లల్ని పంచడం

ఇది జూన్‌లో, బడి తెరిచిన రెండు వారాల్లో అయిపోవాలి. సెక్షన్ల వారీగా పంచవద్దు. ‘ఏ’ సెక్షన్ అంతా ఎరుపు, ‘బీ’ సెక్షన్ అంతా నీలం అని పెట్టేస్తే పని తేలికే, కానీ హౌస్ అనేదే ఉండదు. పైగా కొన్ని బడుల్లో సెక్షన్లను మార్కులను బట్టి చేస్తారు. అలాంటి చోట హౌస్ కూడా సెక్షనే అయితే మార్కుల గోడను రెండోసారి కట్టినట్టు. ఆ గోడకు అడ్డంగా తలుపు తెరవడానికే హౌస్ కావాలి. కెప్టెన్లను నిలబెట్టి ఒక్కొక్కరినీ ఎంచుకోమనడం అంతకన్నా తప్పు. చివరికి మిగిలిన పిల్ల ఆ రోజును జీవితాంతం మరిచిపోదు.

నేను సూచించే పద్ధతి ఇది. ఒక్కో తరగతిలో అమ్మాయిల పేర్లు, అబ్బాయిల పేర్లు వేరువేరుగా పుట్టిన తేదీ వరసలో రాయండి, పెద్దవాళ్ల నుంచి చిన్నవాళ్ల దాకా. హైస్కూలు వయసులో ఆరు నెలల తేడా కూడా ఎత్తులోనూ బలంలోనూ కనిపిస్తుంది. మొదటి నలుగురిని ఒకటి, రెండు, మూడు, నాలుగు హౌస్‌లకు ఇవ్వండి. తర్వాతి నలుగురిని వెనక్కి తిప్పి నాలుగు, మూడు, రెండు, ఒకటిగా ఇవ్వండి. ఇలా ఒక వరస ముందుకు, ఒక వరస వెనక్కి. ఎప్పుడూ ఒకే దిక్కుకు పంచితే ప్రతి వరసలో పెద్ద పిల్ల మొదటి హౌస్‌కే వెళుతుంది. అబ్బాయిల జాబితాను నాలుగో హౌస్‌తో మొదలుపెడితే మిగిలిన చిన్న తేడా కూడా సర్దుకుంటుంది.

తర్వాత రెండు సవరణలు చేయండి. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఒకే హౌస్‌లో ఉండాలి. అక్క బ్యాడ్జి చెల్లెలికి పనికొస్తుంది, ఇంట్లో గొడవా ఉండదు. జాబితాలో పక్కనున్న పేరుతో మార్పిడి చేస్తే సరిపోతుంది. రెండోది, ఒక ఊరి నుంచి లేదా ఒక తండా నుంచి వచ్చే పిల్లలంతా ఒకే హౌస్‌లో పడ్డారేమో చూడండి. పడితే విడదీయండి. వినికిడి, చూపు, నడక ఇబ్బందులున్న పిల్లలు కూడా అన్ని హౌస్‌లలో ఉండేలా చూడండి.

ఆ తర్వాత ఎవరు అడిగినా మార్చకండి. స్నేహితురాలు వేరే హౌస్‌లో పడిందని మొదటి వారం కన్నీళ్లు వస్తాయి. తల్లిదండ్రులు కూడా వస్తారు. ఒక్కరికి మార్చితే మర్నాడు ఇరవై మంది వస్తారు. మధ్యలో చేరిన పిల్లను సంఖ్య తక్కువున్న హౌస్‌లో వేయండి. పదో తరగతి అయ్యేదాకా అదే హౌస్.

నాలుగో అడుగు: పేరు

పిల్లల్ని పంచిన తర్వాతే పేర్లు పెట్టమంటాను. జూన్, జూలైలలో రంగులతోనే నడవనివ్వండి. ఆ రెండు నెలలూ పేర్ల కోసం పిల్లల చేత వెతికించండి. ఆఫీసు గదిలో కూర్చుని పది నిమిషాల్లో నాలుగు పేర్లు రాసేసి బోర్డు మీద పెడితే, ఆ పేర్లు గోడకే ఉంటాయి.

కొత్త పేర్లు పెట్టే ముందు ఉన్న పేర్లతో ఏం చేయవచ్చో ఒకసారి చూడండి. కేంద్రీయ విద్యాలయాల్లో శివాజీ, ఠాగూర్, అశోక, రామన్ హౌస్‌లు తరచూ వినిపిస్తాయి. అక్కడ చదివే తెలుగు పిల్లలకు ఈ నలుగురూ దూరపు మనుషులుగా, పాఠ్యపుస్తకంలో బొమ్మలుగా ఉండిపోతారు. నిజానికి నలుగురికీ మన నేల మీద జాడలున్నాయి. అశోకుడి శాసనాలు కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి బండల మీద ఇప్పటికీ చదవవచ్చు. శివాజీ 1677లో హైదరాబాదు వచ్చి గోల్కొండ సుల్తాను అబుల్ హసన్‌తో ఒప్పందం చేసుకున్నాడు, ఆ యాత్రలోనే శ్రీశైలం వెళ్లాడు. ఠాగూర్ 1919లో మదనపల్లెలో ఉన్నప్పుడు జనగణమనకు ఇంగ్లిషు అనువాదం రాశాడు. రామన్ చిన్నతనం, బడి చదువు విశాఖపట్నంలో గడిచాయి, ఆయన తండ్రి అక్కడి కాలేజీలో అధ్యాపకుడు. ఇక రామన్ హౌస్ పిల్లలు విశాఖ బీచ్‌కు వెళ్లినప్పుడు సముద్రం నీలంగా ఎందుకుందని అడుగుతారు. రామన్‌ను 1921లో ఓడ ప్రయాణంలో పట్టుకున్న ప్రశ్న అదే. పేరు నుంచి మన ఊరికి ఒక దారి వెతకడం హౌస్ చేయాల్సిన మొదటి పని. ఈ పని బాగా చేసే బడికి పేర్లు మార్చాల్సిన అవసరమే రాకపోవచ్చు.

కొత్తగా పెడుతుంటే నేను పాటించమనే నియమాలు కొన్ని ఉన్నాయి. బతికున్నవారి పేరు వద్దు, వారెంత గొప్పవారైనా సరే. జీవితం ఇంకా నడుస్తోంది, రేపు ఏమవుతుందో తెలియదు. ఎన్నికల్లో నిలిచే నాయకుల పేర్లు, వారి కుటుంబాల పేర్లు అసలు వద్దు. దాత పేరు భవనం మీద పెట్టండి, హౌస్‌కు మాత్రం పిల్లలు ఏదైనా నేర్చుకోగల పేరు కావాలి. నాలుగింటిలో కనీసం ఒకటి, వీలైతే రెండు మహిళల పేర్లు ఉండాలి. సగం మంది అమ్మాయిలున్న బడిలో నాలుగూ మగవారి పేర్లే ఉంటే ఆ బోర్డు రోజూ వారికి ఏదో చెబుతూనే ఉంటుంది.

నాలుగు పేర్లూ ఒకే కోవకు చెందినవి కావాలి, వాటి మధ్య ఎక్కువ తక్కువలు ఉండకూడదు. మూడు నదులు, ఒక చెరువు పెడితే చెరువు పిల్లల్ని ఏడాదంతా ఏడిపిస్తారు. గోదావరి, కృష్ణ, పెన్న, వంశధార మంచి వరసే, కానీ గోదావరి 1,465 కిలోమీటర్లు, వంశధార అందులో అయిదో వంతు కూడా ఉండదు. వంశధార హౌస్‌కు ఆ నది కథ ముందే చేతికివ్వాలి. తెలంగాణ బడులైతే ఈ వరసలో మంజీర, మూసీ పేర్లు చేర్చుకోవచ్చు. మూసీ మురికి అని పిల్లలు వెక్కిరిస్తారని భయపడి ఆ పేరు వదిలేయకండి. 1908 సెప్టెంబరు వరద హైదరాబాదును ముంచెత్తిన తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఆ నదికి ఏమైందో, ఎవరు చేశారో తెలుసుకోవడం కన్నా మంచి హౌస్ పని ఏముంటుంది?

మనుషుల పేర్లయితే, వారి పనిలో పిల్లలు చేయగలిగినది ఏదైనా ఉందా అని చూడండి. నాకు బాగా నచ్చే నాలుగు పేర్లు చెబుతాను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, వారి కోసం బడులు పెట్టిన గిడుగు రామమూర్తి. ఆయన హౌస్ పిల్లలు ఏటా తమ ఇళ్లలో, పొలాల్లో వినిపించే మాటలు సేకరించి పుస్తకం కట్టవచ్చు. రెండో పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభల సమయంలో ప్రదర్శన ద్వారం దగ్గర కాపలా ఉండి, టికెట్ లేదని నెహ్రూనే లోపలికి పోనివ్వని పద్నాలుగేళ్ల పిల్ల ఆమె. దుర్గాబాయి హౌస్‌కు బడి వార్షికోత్సవం నాటి ద్వారం బాధ్యత అప్పగించండి. ఎమ్మెల్యే వచ్చినా, కలెక్టరు వచ్చినా, అటెండరు వచ్చినా నియమం ఒక్కటే అని పిల్లలు చేసి చూపిస్తారు.

మూడో పేరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1940ల మధ్యలో అమెరికాలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. బడిలో వారానికోసారి పిల్లలకు ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలో ఉన్న రెండో మందు అదే. పిల్లలు చాలామంది ఆ మాత్రను దాచేస్తారు లేదా పారేస్తారు. సుబ్బారావు హౌస్ పిల్లలు ఆ మాత్ర కథను ప్రార్థన సమయంలో చెప్పాక, అన్నం తిన్న తర్వాత ప్రతి తరగతిలో దాన్ని పంచే బాధ్యత ఉపాధ్యాయుల పక్కన నిలబడి తీసుకుంటే, ఆ పేరు గోడ మీద నుంచి దిగి వస్తుంది. నాలుగో పేరు కొమరం భీం, 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన గోండు వీరుడు. ఆ హౌస్ పిల్లలు తమ ఊరి చెరువు, అడవి, బంజరు ఎవరి పేరున ఉన్నాయో, ముందు ఎలా ఉండేవో పెద్దల్ని అడిగి పటం గీయవచ్చు. ఈ వరసలో మహిళ పేరు ఒక్కటే ఉంది. రెండోది కావాలంటే మొల్ల ఉంది, చాకలి ఐలమ్మ ఉంది.

ఇప్పుడు ఒక కష్టమైన సంగతి. మన దగ్గర ఒక పేరు చెప్పగానే అది ఏ కులం అని వెతికే అలవాటు ఉంది. పిల్లలకు అది ఇంటి నుంచే వస్తుంది. దీనికి నాకు తెలిసిన మందు రెండంచెల పద్ధతి. జూలైలో ఎవరైనా పేరు ప్రతిపాదించవచ్చు, కానీ ఆ వ్యక్తి చేసిన పని గురించి ఒక పేజీ రాసి, ఆ పని మన బడిలో ఎలా కొనసాగించవచ్చో చెప్పాలి. పుట్టుక గురించి రాయకూడదు. ఉపాధ్యాయులు వాటిలో పన్నెండు పేర్లు ఏరి, ఒక్కోదాన్ని ఒక్కో ఉదయం ప్రార్థన సమయంలో పిల్లల చేత చెప్పించాలి. తర్వాత బడి అంతా రహస్య బ్యాలెట్‌తో నాలుగు పేర్లను ఎన్నుకుంటుంది. ఏ హౌస్‌కు ఏ పేరన్నది మాత్రం చీటీలు తీసి నిర్ణయించాలి. ఓటు వేసేటప్పుడు ఆ పేరు తమకే వస్తుందని ఎవరికీ తెలియదు కాబట్టి, తమవాళ్ల పేరు తమకే కావాలన్న పంతానికి చోటుండదు. పాఠశాల యాజమాన్య కమిటీ ముందు ఆ నాలుగు పేర్లనూ పెట్టి తీర్మానం రాయించుకోండి. ఆగస్టు 15న జెండా వందనం తర్వాత ప్రకటించండి.

రంగుల గురించి ఒక్క మాట. పార్టీ జెండాను గుర్తుచేసే జోడింపులు వద్దు. ఎరుపు, ఆకుపచ్చల తేడా కొందరు అబ్బాయిల కంటికి తెలియదు కాబట్టి రంగుతో పాటు ఒక గుర్తు కూడా ఉండాలి, ఆకో, పడవో, పక్షో. నినాదం తెలుగులోనే రాయించండి. తొమ్మిది, పది తరగతులు ఛందస్సు నేర్చుకుంటాయి కాబట్టి ఒక్కో హౌస్ తన పద్యాన్ని ఆటవెలదిలో కట్టుకోవచ్చు. తెలుగు ఉపాధ్యాయుడు గణాలు సరిచూస్తారు.

అయిదో అడుగు: హౌస్ లోపల చిన్న కుటుంబాలు

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. చాలా బడులు వదిలేసేదీ ఇదే.

వంద మంది హౌస్ కూడా పిల్లకు గుంపే. అందుకని హౌస్‌ను పది మంది చొప్పున పది కుటుంబాలుగా విడగొట్టండి. ఒక్కో కుటుంబంలో ప్రతి తరగతి నుంచి ఇద్దరు. పదో తరగతి ఇద్దరూ ఆ కుటుంబానికి పెద్దలు. చిన్నవాళ్లు వారిని అక్క అనో అన్న అనో పిలుస్తారు. డిసెంబరు తర్వాత పదో తరగతి వారు పరీక్షల్లో మునిగిపోతారు కాబట్టి తొమ్మిదో తరగతి ఇద్దరికీ పెద్దరికం అప్పగించండి. ఒక్కో ఉపాధ్యాయుడు రెండు మూడు కుటుంబాలకు తోడుగా ఉంటారు.

పదిహేను రోజులకోసారి ఒక పూర్తి పీరియడ్ దీనికి కేటాయించండి. టైంటేబుల్‌లో రాసి ఉండాలి, లేకపోతే గణితం దాన్ని మింగేస్తుంది. చెట్టు కిందో, వరండాలోనో గుండ్రంగా కూర్చుంటారు. అక్క మొదట అడిగే ప్రశ్న: మనలో ఎవరు బడికి రావడం లేదు? రాని పిల్ల ఉంటే ఆ వీధిలో ఉండే ఇద్దరు సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి పలకరించి, ఏం జరిగిందో మర్నాడు ఉపాధ్యాయుడికి చెబుతారు. పత్తి ఏరే రోజుల్లో, తల్లిదండ్రులు పనికి వలస వెళ్లే రోజుల్లో ఒక పిల్ల చదువు ఆగిపోతోందని హాజరు పట్టీ కన్నా ముందు ఈ కుటుంబానికి తెలుస్తుంది. పెళ్లి మాటలు నడుస్తున్నాయన్న సంగతి అయితే ఉపాధ్యాయురాలికన్నా ముందు పక్కనున్న అక్కకే తెలుస్తుంది. అలాంటి మాట విన్నప్పుడు తమలో దాచుకోకూడదని, వెంటనే హౌస్ టీచరుకు చెప్పాలని పెద్ద పిల్లలకు మొదటి రోజే నేర్పండి.

మిగతా సమయం వారి ఇష్టం. ఆరో తరగతి వారికి ఎక్కాలు నేర్పుతారో, హౌస్ పద్యం వల్లె వేస్తారో, వచ్చే వారం పోటీకి ఎవరు వెళ్లాలో మాట్లాడుకుంటారో. నెలకోసారి ఈ కుటుంబాలు మధ్యాహ్న భోజనం ఒకే వరసలో కూర్చుని తింటే బాగుంటుంది.

ఆరో అడుగు: కెప్టెన్లు

హౌస్‌కు ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, ఇద్దరికీ సమాన హోదా. తొమ్మిదో తరగతి వారైతే మేలు, పబ్లిక్ పరీక్షల బరువు ఉండదు. ఎన్నిక రహస్య ఓటుతో జరగాలి. మార్కులను అర్హతగా పెట్టవద్దు.

కెప్టెన్‌కు శిక్షించే అధికారం ఇవ్వకండి. మోకాళ్ల మీద నిలబెట్టడం, గుంజీళ్లు తీయించడం, పేర్లు బోర్డు మీద రాయడం ఏదీ కాదు. ఇంగ్లండు వసతి పాఠశాలల్లో పెద్ద పిల్లలు చిన్నవాళ్ల చేత చాకిరీ చేయించుకోవడం, బెత్తంతో కొట్టడం తరాల పాటు సాగింది. హౌస్ పద్ధతికి అది పెద్ద మచ్చ. మన 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయుడికే ఆ హక్కు లేదు, పిల్లలకు ఎక్కడి నుంచి వస్తుంది? కెప్టెన్ పని జట్లు తయారు చేయడం, పోటీలకు ఇంతవరకు రాని పిల్లల్ని వెతికి తీసుకురావడం, తప్పొప్పులు చూసేది ఉపాధ్యాయుడు.

ఏడో అడుగు: పాయింట్లు

ఏ హౌస్ ఎలా నడుస్తోందో తెలుసుకోవాలంటే దాని పాయింట్ల లెక్క చూస్తే చాలు. గెలుపులకే పాయింట్లిస్తే ప్రతి హౌస్‌లోనూ అదే పది మంది పిల్లలు పరుగెత్తుతారు, పాడతారు, వ్యాసాలు రాస్తారు. మిగతా తొంభై మంది చప్పట్లు కొడతారు. అందుకని రెండు రకాల పాయింట్లు పెట్టండి. పోటీలో మొదటి స్థానానికి 10, రెండోదానికి 7, మూడోదానికి 5, నాలుగోదానికి 3. దీనితో పాటు, ఆ విడతలో ఏదో ఒక పోటీలో పాల్గొన్న ప్రతి కొత్త పిల్లకు హౌస్‌కు 1. ఒకే పిల్ల ఎన్నిటిలో పాల్గొన్నా ఆ ఒకటి ఒక్కసారే. ఒక పిల్ల మూడు పోటీలకు మించి దిగకూడదు.

లెక్క ఎలా మారుతుందో చూడండి. గోదావరి హౌస్ పది పోటీల్లో ఆరు మొదటి స్థానాలు, నాలుగు రెండో స్థానాలు గెలిచింది: 60, 28 కలిపి 88. పాల్గొన్న పిల్లలు 30 మందే. మొత్తం 118. పెన్న హౌస్‌కు రెండు మొదటివి, మూడు రెండోవి, అయిదు మూడోవి: 20, 21, 25 కలిపి 66. కానీ 85 మంది పిల్లలు బరిలోకి దిగారు. మొత్తం 151. గోదావరి కెప్టెన్ మర్నాటి నుంచి ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు. మూల కూర్చున్న ఏడో తరగతి పిల్ల దగ్గరికి వచ్చి నీకు ఏం వచ్చు అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఆ పిల్లను ఇంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.

అందుకే పోటీలు కూడా రకరకాలుగా ఉండాలి. పరుగు, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, తాడు లాగుడు, వక్తృత్వం, క్విజ్ సరే. వాటికి ముగ్గు, బుర్రకథ, సైకిల్ పంక్చరు వేయడం, విత్తనాల గుర్తింపు, కథ చెప్పడం, చదరంగం, పాత రేడియో విప్పి బిగించడం చేర్చండి. పొలం పని తెలిసిన పిల్లవాడు విత్తనాల పోటీలో ఫస్ట్ ర్యాంకు వాడికి పాఠం చెబుతాడు.

పరీక్షల మార్కులకు పాయింట్లు వద్దు. పిల్ల చేసిన తప్పుకు హౌస్ పాయింట్లు కోయడం ఇంకా వద్దు. ఒక్కరి అల్లరికి వంద మందిని శిక్షిస్తే ఆ వంద మందీ ఆ ఒక్కరి మీద పడతారు. హాజరుకు పాయింట్లు ఇస్తే జ్వరంతో పడుకున్న పిల్ల కూడా హౌస్‌కు ద్రోహి అయిపోతుంది.

పట్టిక రాసే పని వేర్వేరు హౌస్‌ల పిల్లలు ఇద్దరికి ఇవ్వండి. ఒకే నోటుబుక్కు, ప్రతి శుక్రవారం నోటీసు బోర్డు మీద లెక్క. అభ్యంతరం ఉంటే రెండు రోజుల్లో రాసి ఇవ్వాలి. ఏడాదిని రెండు విడతలు చేయండి, జూన్ నుంచి దసరా దాకా ఒకటి, ఆ తర్వాత ఫిబ్రవరి దాకా ఒకటి. రెండో విడత సున్నా నుంచి మొదలవ్వాలి. లేకపోతే డిసెంబరుకే వెనకబడ్డ హౌస్ చేతులెత్తేస్తుంది.

ఎనిమిదో అడుగు: క్యాలెండరు, ఖర్చు

కొన్ని తేదీలు మనకు వాటంతట అవే కలిసొస్తాయి. ఆగస్టు 29 గిడుగు జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ధ్యాన్‌చంద్ జయంతి కాబట్టి జాతీయ క్రీడా దినోత్సవం కూడా అదే రోజు. ఉదయం భాషా పోటీలు, సాయంత్రం ఆటలు పెట్టుకోవచ్చు. తెలంగాణలో సెప్టెంబరు 9 కాళోజీ జయంతి. డిసెంబరు 22 గణిత దినోత్సవం, ఫిబ్రవరి 28 సైన్సు దినోత్సవం. పెద్ద ఆటల పోటీలు సంక్రాంతి సెలవులకు ముందే ముగించండి. హౌస్ పేరు గల వ్యక్తి జయంతిని ఆ హౌస్ నడుపుతుంది, మిగతా హౌస్‌లు అతిథులు.

ఖర్చు విషయంలో నాది గట్టి అభిప్రాయం. తల్లిదండ్రుల చేత రంగు టీషర్టు, రంగు బూట్లు కొనిపించకండి. కూలికి వెళ్లే ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే అది నిజమైన భారం. చొక్కా జేబుకు కుట్టే చిన్న గుడ్డ బ్యాడ్జి, పోటీల రోజున మెడలో వేసుకునే రంగు గుడ్డ చాలు. మెడ గుడ్డలు హౌస్ పెట్టెలోనే ఉండి ఏటా కొత్తవారికి వస్తాయి.

తొమ్మిదో అడుగు: గాడి తప్పినప్పుడు

ఓడిన హౌస్ పిల్లలు గెలిచినవాళ్లతో మాట్లాడడం మానేస్తే, బడి బయట రంగుల పేరుతో కొట్లాటలు వస్తే, ఉపాధ్యాయులే తమ హౌస్ కోసం న్యాయనిర్ణేతలతో వాదిస్తే, ఆ విడతకు పట్టిక తీసేయండి. కుటుంబాల సమావేశాలు మాత్రం ఆపకండి. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాల జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల మీద నడుస్తుంది. పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చడం, పోటీ పెట్టడం ఆయనకు సమ్మతం కాదు. ఆయనతో పూర్తిగా ఏకీభవించకపోయినా, పాయింట్లు లేకుండా పిల్లలు కలిసి బతకడం నేర్చుకోగలరన్నది ఆ బడి చూపించింది. పోటీ లేని హౌస్ నడుస్తుంది, కుటుంబం లేని హౌస్ నడవదు.

ఇక పేరు మార్చాల్సి రావచ్చు. సిమ్లా బిషప్ కాటన్ పాఠశాలలో కర్జన్ హౌస్ ఉంది. ఆ కర్జన్ 1905లో బెంగాల్‌ను రెండు ముక్కలు చేసిన వైస్రాయి. దాని మీద లేచిన వందేమాతరం ఉద్యమం 1907లో బిపిన్ చంద్రపాల్‌తో రాజమహేంద్రవరం చేరింది, అక్కడి కాలేజీ విద్యార్థులు కొందరు చదువు పోగొట్టుకున్నారు. వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. ఒకే మనిషి ఒక బడిలో హౌస్, ఇంకో ఊళ్లో చదువులు పోవడానికి మూలం. ఇంగ్లండులో 2020లో బ్రిస్టల్ జనం బానిసల వ్యాపారి ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని రేవులోకి తోశాక, అక్కడి ఒక బాలికల పాఠశాల ఆయన పేరు తీసేసింది. లండన్‌లోని హేబర్డాషర్స్ పాఠశాలలు 2021లో బానిస వ్యాపార కంపెనీలో వాటాలున్న రాబర్ట్ ఆస్క్ పేరును వదులుకున్నాయి.

మీ బడిలోనూ ఎవరైనా పేరు మార్చమని అడిగితే వెంటనే కొట్టేయకండి, వెంటనే ఒప్పుకోకండి. ఆ హౌస్ పిల్లల చేతే ఒక నెల పాటు ఆ వ్యక్తి గురించి చదివించి, రెండు పక్షాలుగా బడి ముందు వాదించనివ్వండి. తర్వాత మొదట పేరు పెట్టినట్టే, ప్రతిపాదన పేజీ, బ్యాలెట్, కమిటీ తీర్మానం. పేరు మారినా హౌస్ రికార్డు పుస్తకంలో పాత పేరు, మార్చిన తేదీ, కారణం ఉంచండి, పాత విద్యార్థి వచ్చి నా హౌస్ ఏదని అడిగితే ఆ పేజీ తీసి చూపించడానికి.